కుండలోని చివరి నాణెం

దీపావళినాడు లక్ష్మీపూజకు పీట వేసినప్పుడు మన ఇళ్ళలో పెద్దవారు పెట్టె అడుగునుంచి ఒక చిన్న గుడ్డసంచి బయటికి తీయడం చాలామందికి తెలిసిన విషయమే. తాతలనాటి ఊరు విడిచి, మగ్గం పనికో, మిల్లు పనికో, కట్టుబడి పనికో ఈ మహారాష్ట్ర దేశానికి వచ్చి మూడు నాలుగు తరాలు గడచిన కుటుంబాలలో కూడా ఆ సంచి మాత్రం నిలిచి ఉన్నది. అందులో ఏముంటవి? విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయలు రెండో మూడో, చార్మినారు బొమ్మగల హైదరాబాదు రూపాయి ఒకటి, 1943 నాటి చిల్లికాణీ, పారశీక లిపిలో ఏదో రాసి ఉన్న అరిగిన నాణెం, ఒక నయాపైసా. వాటిని చింతపండుతో తోమి, పసుపు కుంకుమలు పెట్టి, పూజ కాగానే మళ్ళీ సంచిలో వేసి మూతి బిగిస్తారు. 'ఇవి ఎప్పటివి?' అని పిల్లలు అడిగితే 'పాతవి' అని ఒక్క మాటతో సరిపెడతారు.

నిజానికి ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆ సంచిలో ఒక కాలం లేదు, చాలా కాలాలున్నవి. ఒక్కొక్క నాణెం ఎప్పటిది అనేది ఒక ప్రశ్న. అవన్నీ ఒకచోటికి ఎప్పుడు చేరినవి అనేది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానం ఆ నాణెంమీదనే ఉండవచ్చును. రెండవదానికి సమాధానం ఏ ఒక్క నాణెంమీదా ఉండదు. అన్నీ కలిసి ఉంటేనే దొరుకుతుంది. చరిత్రకారులకు ఈ సంగతి భూమిలోనుంచి బయటపడిన కుండలు నేర్పినవి. ఆ పాఠం మన ఇంటి సంచికి కూడా అక్షరాలా వర్తిస్తుంది.

భూమిలోకి నాణేలు మూడు దారులలో చేరుతవి. మొదటిది జారిపోవడం. సంతలో, రేవులో, బండిబాటలో, కళ్ళంలో మనిషి చేతినుంచి ఒకటీ అరా పడిపోతవి. ఇంగ్లండులో లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టరు చేతబట్టుకొని దున్నిన పొలాలలో తిరగడం చాలామందికి సెలవునాటి వ్యాపకం. అట్లా తిరిగేవారికి ఒకే పొలంలో రోమనుల కాలపు నాణెం, దానికి నాలుగు బారల దూరాన నడిమి యుగపు వెండిముక్క, ఆ పక్కనే విక్టోరియా నాటి పెన్నీ దొరుకుతూ ఉంటవి. అవి ఒకరు దాచినవి కావు. ఆ బాటన వెయ్యిన్నర సంవత్సరాలుగా మనుషులు నడిచారనడానికి ఆనవాళ్ళు మాత్రమే.

రెండవ దారి మొక్కు. గోదావరి వంతెనమీద రైలు పోతున్నప్పుడు చేతులు జోడించి పైసలు విసరని తెలుగువాడు తక్కువ. ఆ నది అడుగున ఎన్ని ప్రభుత్వాల నాణేలు ఒక్క ఇసుకలో కలిసి ఉన్నవో ఊహించుకోవచ్చును. ఇటువంటి ఆచారమే ఇతర దేశాలలోనూ ఉన్నది. ఇంగ్లండు ఉత్తరభాగాన, హేడ్రియను చక్రవర్తి కట్టించిన గోడవద్ద కొవెంటీనా అనే జలదేవత బావి ఒకటి ఉన్నది. 1876లో దానిని శుభ్రం చేస్తే 13 వేలకు పైగా నాణేలు బయటపడినవి. అవి క్రీస్తుకు పూర్వపు మార్కు ఆంటనీ నాటినుంచి క్రీ.శ. నాల్గవ శతాబ్దివరకు నాలుగు వందల ఏళ్ళకు చెందినవి. అక్కడ కూడా దాచినవాడంటూ ఒకడు లేడు. తరతరాల భక్తులు ఒక్కొక్కటిగా వేసినవి.

మూడవ దారి దాచడం. మన కథలలో లంకెబిందెలనీ, పాతర అనీ, పాము కాపలా కాసే నిధి అనీ చెప్పేది ఇదే. బ్యాంకులు లేని రోజులలో ఇంటి నేలే ఇనప్పెట్టె. యుద్ధం వచ్చినా, దొంగల భయం కలిగినా, దూరప్రయాణం పడినా ఉన్నది కుండలో పోసి పాతిపెట్టేవారు. తిరిగి వచ్చి తీసుకున్నవారి కుండలు మనకు దొరకవు. తిరిగి రానివారి కుండలు మాత్రమే దొరుకుతవి. కనుక దొరికిన ప్రతి కుండ వెనుక ఇంటికి తిరిగి రాలేకపోయిన మనిషి ఒకడు ఉండి ఉండవచ్చును. బతుకుతెరువుకు ఊరు విడిచినవారి సంతతికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ మూడింటిలో ఏది ఏదో తెలుసుకోవడం ఎట్లా? నాణేలను చూసి కాదు, అవి ఉన్న తీరును చూసి. విడివిడిగా చెదరి ఉన్నవా, ఒకే గుంటలో కుప్పగా ఉన్నవా, బావి అడుగున పొరలుగా ఉన్నవా అనేదే తీర్పు. ఆ తీరు చెరిగిపోయిన తరువాత ఎంత పండితుడైనా ఆ తీర్పు చెప్పలేడు.

ఇక దాచిన కుండ సంగతి తీసుకొందాం. మన గుంటూరు సీమలో వినుకొండవద్ద 1889లో రోమను బంగారు నాణేలు 15 ఒకచోట దొరికినవి. వాటిలో మొదటిది తిబేరియసు చక్రవర్తిది, ఆయన క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించినవాడు. చివరిది కారకల్లాది, ఆయన 198లో చక్రవర్తిత్వం పొంది 217లో మరణించాడు. అంటే 15 నాణేలలో దాదాపు రెండు వందల సంవత్సరాలు ఇమిడి ఉన్నవి. వీటిని ఎప్పుడు పాతిపెట్టారు? తిబేరియసు నాణెం ఒక్కటే చూచినవాడు మొదటి శతాబ్ది అంటాడు. అది పొరపాటు. కారకల్లా నాణెం పుట్టకముందు దానిని కుండలో వేయడం ఎవరికీ సాధ్యం కాదు గదా! కనుక ఆ పాతర 198కి పూర్వం వేసినది కానేరదు. కుండలో అన్నిటికంటె చిన్నవయస్సు నాణెమే కుండ వయస్సును పట్టి ఇస్తుంది. నాణేల శాస్త్రంలో మొట్టమొదటి సూత్రం ఇదే.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉన్నది. చివరి నాణెం 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెబుతుంది; 'సరిగ్గా ఆనాడే' అని చెప్పదు. రోములో అచ్చయిన నాణెం ఓడ ఎక్కి, రుతుపవనంమీద సముద్రం దాటి, కృష్ణాతీరానికి చేరి, చేతులు మారి, ఒక ఇంటి కుండలోకి రావడానికి కొన్ని ఏండ్లు పట్టి ఉండవచ్చును, కొన్ని పదుల ఏండ్లూ పట్టి ఉండవచ్చును. చివరి నాణెం ఎంత అరిగి ఉన్నదో చూసి పండితులు ఆ వ్యవధిని అంచనా వేస్తారు.

వయస్సులో ఇంత తేడాగల నాణేలు ఒకచోట ఎందుకు ఉండవలెను? ఈనాడు మన చేతిలోని నాణెం విలువ దానిమీది అంకెలో ఉన్నది. ఆనాడు విలువ లోహంలోనే ఉండేది. బంగారానికి రాజు మారితే ఏమి? తూకం సరిపోయినంతకాలం తాతనాటి నాణెమూ చెల్లేది, మనుమని నాటి నాణెమూ చెల్లేది. పైగా పాతవే మేలనుకొనే రోజులు కూడా వచ్చినవి. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో నాణేల తూకం తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. మంచి నాణేన్ని దాచుకొని తక్కువదానిని చెల్లించివేయడం ఏ దేశంలోనైనా గృహస్థు చేసే పనే. దక్షిణదేశంలో దొరికిన రోమను వెండి నాణేలలో నీరోకు పూర్వులైన ఆగస్టసు, తిబేరియసుల నాటివే అత్యధికంగా ఉండడానికి ఇదొక కారణమని చరిత్రకారులు చెబుతారు.

నాణెంమీది పేరును గుడ్డిగా నమ్మరాదని మరొక హెచ్చరిక కూడా ఉన్నది. ఢిల్లీ పాదుషా రెండవ ఆలంగీరు 1759లో హతుడైనాడు. కాని ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు టంకశాలలో పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగాన కూడా ఆయన పేరుతోనే, హిజరీ 1172 అనే పాత సంవత్సరంతోనే, ఆర్కాటు రూపాయలు అచ్చువేశారు. జనానికి అలవాటైన రూపాయి అదే కనుక దాని రూపం మార్చడానికి కంపెనీ జంకింది. విక్టోరియా రూపాయలమీద కనబడే 1862 కూడా ఇటువంటిదే; ఆ ఒక్క సంవత్సరపు ముద్రతోనే పదేండ్లకు పైగా రూపాయలు వచ్చినవి. మీ సంచిలో పారశీక లిపిగల రూపాయి ఉంటే అది పాదుషా నాటిదో కంపెనీ నాటిదో తెలిసినవారిచేత చూపించుకొనవలసినదే.

కుండలో ఏమేమి ఉన్నవో తెలిస్తే చాలునా? చాలదు. ఏది పైన ఉన్నది, ఏది అడుగున ఉన్నది అనేది కూడా సాక్ష్యమే. దీనిని అన్నిటికంటె స్పష్టంగా చూపినవి ఇంగ్లండులో మెటల్ డిటెక్టరుతో దొరికిన రెండు నిధులు.

1992 నవంబరు 16న సఫోకు ప్రాంతంలో హాక్సన్ అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని వెదకడానికి ఒక విశ్రాంత తోటమాలి తన యంత్రంతో వెళ్ళాడు. యంత్రం మోగింది. తవ్వితే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు కనబడినవి. ఆయన కొంత తీసి, అంతటితో ఆగి, అధికారులకు తెలియజేశాడు. మరునాడే పురావస్తు శాఖవారు వచ్చి మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు తీశారు. నాణేలే 14,865. వాటిలో అన్నిటికంటె పాతది 340కి ముందుది. అన్నిటికంటె కొత్తవి 407-408 నాటివి. రోము ప్రభుత్వం బ్రిటను ద్వీపాన్ని చేతులారా వదలిపెట్టిన రోజులవి. వెండి నాణేలలో చాలా భాగం అంచులు కత్తిరించి ఉన్నవి. కొత్త నాణేలు రావడం ఆగిపోతే జనం పాతవాటి అంచులనే చెక్కి వెండి సంపాదించుకొన్నారు. అయితే చక్రవర్తి ముఖంమీదికి మాత్రం కత్తెర పోనీయలేదు. ఒక సామ్రాజ్యం ఎట్లా అంతరించినదో చెప్పే సాక్ష్యం ఇది. ఆ నిధితోపాటు ఆ సుత్తి కూడా బ్రిటిష్ మ్యూజియంలో చేరడం మరొక విశేషం.

రెండవది 2010 ఏప్రిల్‌లో సోమర్సెట్ ప్రాంతంలో ఫ్రోమ్‌వద్ద దొరికిన కుండ. అందులో 52,503 నాణేలు. ఇరవైమందికి పైగా చక్రవర్తుల పేర్లున్నవి. ఇక్కడ కూడా కనుగొన్నవాడు కుండ అంచు కనబడగానే తవ్వడం ఆపి కబురు చేశాడు. వచ్చినవారు కుండను గబగబ బోర్లించలేదు. పొరపొరగా తీసి, ఏ పొరలోవి ఆ పొరకు వేరుగా సంచులలో వేసి గుర్తులు పెట్టారు. దానివల్ల ఒక వింత బయటపడినది. ఒక కుటుంబం ఏండ్ల తరబడి పొదుపు చేస్తూ వస్తే పాతవి అడుగున, కొత్తవి పైన ఉండవలెను గదా! ఇక్కడ అట్లా లేదు. అన్నిటిలోకి కడపటివైన కరౌసియసు నాణేలలో ఎక్కువ భాగం కుండలో సగంకంటె లోతున ఉన్నవి. అంటే కుండను ముందు భూమిలో నిలిపి, సంచులలో తెచ్చిన నాణేలను అన్నిటినీ ఒకే పర్యాయం అందులో పోశారు. 160 కిలోల బరువు నింపిన తరువాత ఆ పలుచని కుండను ఎత్తడం సాధ్యం కాదు గదా! అది భయంతో దాచినదా, ఊరంతా కలిసి దేవతకు సమర్పించినదా అని ఈనాటికీ పండితులు చర్చిస్తున్నారు. ఆ చర్చకు అవకాశమైనా ఉన్నదంటే పొరలు చెడకుండా తీయడంవల్లనే.

ఇక మన దగ్గరికి వద్దాము. మనం కాపురముంటున్న ఈ మహారాష్ట్రంలోనే, నాసిక్ జిల్లాలో, జోగల్‌తంబి అనే పల్లె ఉన్నది. అక్కడ 1906లో దొరికిన నిధికి పై రెండింటికంటె పెద్ద కథ ఉన్నది. ఆంధ్ర చరిత్ర చదివినవారికి ఆ పేరు కొత్త కాదు.

అక్కడ దొరికినవి 13,250కి పైగా వెండి నాణేలు. ఒక్కొక్కటి రెండు గ్రాములకు కొంచెం ఎక్కువ తూగుతుంది కనుక మొత్తం పాతిక కిలోలకు తగ్గని వెండి. అన్నీ క్షహరాత వంశపు శకరాజు నహపానుడు వేయించినవే. ఒకవైపు రాజు తల, దాని చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండవవైపు బాణం, వజ్రాయుధం, వాటి చుట్టూ బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులు. అయితే వీటిలో 9 వేలకు పైగా నాణేలమీద మరొక ముద్ర కూడా పడి ఉన్నది. నహపానుని తలమీదనే మూడు కమానుల కొండ గుర్తు, 'గౌతమీపుత్ర శ్రీశాతకర్ణి రాజుది' అనే అర్థమిచ్చే ప్రాకృత లేఖనం. రెండవవైపు ఉజ్జయినీ చిహ్నం. పాత నాణేలను కరగించకుండా, వాటిమీదనే శాతవాహన రాజు తన అచ్చు కొట్టించాడు. కొన్నిటిలో కొత్త ముద్ర కింద పాత రాజు ముక్కు, పాత అక్షరాల తోకలు నేటికీ కనబడుతవి. వినుకొండ కుండలో వేరువేరు కాలాల నాణేలు పక్కపక్కన ఉన్నవి. జోగల్‌తంబి కుప్పలో రెండు కాలాలు ఒకే నాణెంమీద ఉన్నవి.

పురాణాలు ఆంధ్రులని పేర్కొన్న ఈ శాతవాహనుల తొలినాటి నాణేలు మన కరీంనగరం సీమలోని కోటిలింగాలవద్ద దొరికినవి. వారిలో మహావీరుడైన గౌతమీపుత్రుడు క్షహరాత వంశాన్ని సమూలంగా నాశనం చేశాడని ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలోని శాసనంలో చెప్పుకొన్నది. శాసనం కన్నతల్లి వేయించినది. అందులో పొగడ్త ఉండడం సహజం. నిజంగా నహపానుని ఓడించినవాడు గౌతమీపుత్రుడేనా, లేక నహపానుని తరువాత వచ్చిన వారసుడెవరినో ఓడించి ఆ ఘనత చెప్పుకొన్నాడా అనే సందేహం చరిత్రకారులకు ఉండేది.

ఆ సందేహానికి ఈ కుప్ప సమాధానమిచ్చింది. అయితే ఇచ్చినది అందులో ఉన్న నాణేలు మాత్రమే కాదు. లేని నాణేలు కూడా. నహపానునికీ గౌతమీపుత్రునికీ నడుమ ఇంకొక రాజు పాలించి ఉంటే వాని నాణేలు కొన్ని అయినా, వానివిమీద శాతవాహన ముద్ర పడినవి కొన్ని అయినా, 13 వేల నాణేలలో కనబడకుండా పోవు. అటువంటిది ఒక్కటీ లేదు. ఇద్దరు రాజులే ఉన్నారు, మూడవవాడు లేడు. గౌతమీపుత్రుడు నహపానుని రాజ్యాన్ని నేరుగా గెలుచుకొన్నాడనడానికి ఇంతకంటె బలమైన ఆధారం దొరకలేదు. తల్లి మాటకు వెండి నాణేలు సాక్ష్యం పలికినవి.

ముద్ర పడని నాణేలు సుమారు 4 వేలు మిగిలి ఉన్నవి గదా! పాత నాణేలను పోగుచేసి కొత్త అచ్చు కొట్టే పని ఇంకా సాగుతున్న రోజులలోనే ఇవి భూమిలోకి పోయినవని ఊహించవచ్చును. నహపానుని తలలో కూడా ఒక విశేషమున్నది. ఈ నిధిని పరిశీలించి 1908 ప్రాంతాన బొంబాయి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన రెవరెండ్ స్కాట్ గారు, ఆ ముఖాలలో పడుచువాడు, నడివయస్సువాడు, బుగ్గలు జారిన ముసలివాడు కూడా కనబడుతున్నాడని గమనించారు. వేలకొద్దీ నాణేలు ఒకచోట పరచి చూచినందువల్లనే ఆయనకు ఆ తేడా తెలిసింది. ఒక్క నాణెం చేత పట్టుకొన్నవానికి ఒక్క ముఖమే కనబడుతుంది.

ఇంత వెండి ఎవరిదో నాణేలు చెప్పవు. కాని ఆ రోజులలో ఆ డబ్బు విలువ ఎంతో అక్కడికి దగ్గరలోనే, నాసిక్ గుహలలో, రాతిమీద ఉన్నది. నహపానుని అల్లుడు ఉషవదాతుడు 42వ సంవత్సరంలో బౌద్ధ భిక్షువులకు 3,000 కార్షాపణాలు శాశ్వత నిధిగా ఇచ్చి, ఆ సొమ్మును గోవర్ధనంలోని సాలెవారి శ్రేణులలో వడ్డీకి పెట్టించాడు. ఒక శ్రేణిలో 2,000. వడ్డీ నెలకు నూటికి ఒకటి. రెండవ శ్రేణిలో 1,000. వడ్డీ నూటికి ముప్పాతిక. అసలు ముట్టరాదు, వడ్డీయే వాడవలెను. మొదటిదానిమీద ఏడాదికి 240 వస్తవి. వానతోపాటు గుహలో విడిది చేసిన భిక్షువులు 20 మందికి తలకు 12 చొప్పున బట్టలకు సరిగ్గా సరిపోతవి. మనవాళ్ళు ఈనాటికీ 'నూటికి రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ' అని లెక్క కట్టే పద్ధతి సుమారు 1,900 సంవత్సరాల నాడే ఈ నేలమీద, అందులోనూ మగ్గాలవారి లెక్కలలో ఉన్నది. షోలాపురంలో, భివండీలో మగ్గంమీద బతికిన మన కుటుంబాలవారు ఆ గుహకు వెళ్ళినప్పుడు ఈ శాసనం ఎదుట ఒక్క నిమిషం నిలబడవలెనని నా మనవి.

అదే శాసనంలో 35 కార్షాపణాలకు ఒక సువర్ణం అనే మారకం రేటు కూడా తెలుస్తున్నది. ఆ కార్షాపణాలు ఈ వెండి నాణేలే అని పండితులు చాలామంది భావిస్తున్నారు. ఆ లెక్కన జోగల్‌తంబి నిధి సుమారు 378 సువర్ణాలు. తలకు 12 చొప్పున 1,100 మంది భిక్షువులకు ఒక ఏడాది బట్టలు. ఇది సామాన్యుని పొదుపు కాదు. వర్తకునిదో, శ్రేణిదో, రాజోద్యోగి చేతిలోనిదో అయి ఉండవలెను.

రాజు మారినప్పుడు భూమి సంగతి ఏమైనది? గౌతమీపుత్రుడు తన పాలన 18వ ఏట తన విజయ స్కంధావారంనుంచి గోవర్ధనానికి ఒక ఆజ్ఞ పంపాడు. అంతకు ముందు ఉషవదాతుని అనుభవంలో ఉన్న పొలంలో 200 నివర్తనాలు అక్కడి భిక్షువులకు ఇస్తున్నట్టు అందులో ఉన్నది. నాణెం చేసినట్టే చేశాడన్నమాట. పాతదానిని పారవేయలేదు, తన పేరు దానిమీద వేసి చెలామణీలో ఉంచాడు.

ఇప్పుడొక్క మాట ఆలోచించండి. ఈ 13 వేల నాణేలు దొరికిన మొదటి వారంలోనే కంసాలి మూసలోకి పోయి ఉంటే పాతిక కిలోల వెండి మిగిలేది. లేక, తెలిసిన వర్తకుడొకడు నహపానునివి ఒక కుప్ప, శాతకర్ణివి ఒక కుప్ప, చక్కనివి ఒక కుప్ప చేసి నాలుగు దేశాలకు అమ్మి ఉంటే ప్రతి నాణెమూ ఏదో ఒక మ్యూజియంలో భద్రంగానే ఉండేది. కాని 'మూడవ రాజు లేడు' అనే మాట మాత్రం ప్రపంచంలో ఎక్కడా ఉండేది కాదు. కరగించినవాడు లోహం మిగిల్చి చరిత్రను పోగొడతాడు. విడదీసినవాడు నాణేలను మిగిల్చి చరిత్రను పోగొడతాడు. నష్టం ఇద్దరివల్లా ఒకటే. రెండవవాడు తాను నష్టం చేశానని కూడా ఎరుగడు.

చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. మన దేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలకు మించితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. హక్కుదారు ఎవరూ రాకపోతే కనుగొన్నవానికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకొంటే లోహం విలువకు ఐదోవంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెట్టినవాడు వాటా పోగొట్టుకోవడమే కాక శిక్షకు కూడా పాత్రుడవుతాడు. కర్ణాటకలో 1962లో ఇందుకు ప్రత్యేక చట్టం చేసుకొన్నారు. నూరేండ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దానిని సొంతంగా విదేశాలకు పంపరాదు. రక్షిత స్థలాలలో అనుమతి లేక తవ్వడం నేరం. కనుక ఇంగ్లండు కథలు చదివి యంత్రం కొని కోటగోడల వెంట తిరుగుదామని మన యువకులెవరైనా ముచ్చటపడితే వారికి పెద్దలు ఈ మాట చెప్పవలెను. ఆ ఇద్దరు ఆంగ్లేయులలో మనం మెచ్చుకోవలసినది యంత్రాన్ని కాదు; నాణెం కనబడిన తరువాత చేయి ఆపిన సంయమనాన్ని.

నేలలోనివి సరే, సంచిలోనివో? అవి తవ్వి తీసినవి కావు, మనవే. వాటికి నిక్షేపాల చట్టం అడ్డు రాదు. అందుకే వాటికి ప్రమాదం ఎక్కువ. ఆస్తి పంపకాలనాడు తలకు రెండు చొప్పున సంచి చీలిపోతుంది. వెండి ధర పెరిగిననాడు రూపాయలు కంసాలి దుకాణానికి పోతవి. 'ఇవి దేనికీ పనికిరావు' అని చిల్లికాణీలు పిల్లల ఆటకు పోతవి. ఏటేటా చింతపండు పులుసు తగిలి అక్షరాలు అరిగిపోతవి.

అందుచేత ఈ ఉగాదికి ప్రతి ఇంటివారూ ఒక పని చేయవలెనని కోరుతున్నాను. సంచి విప్పి నాణేలను తెల్లని గుడ్డమీద పరచండి. తోమవద్దు. ఒక్కొక్కదాని బొమ్మ, సంవత్సరం, లోహం ఒక కాగితంమీద రాయండి. ఎవరు ఏ ఊరినుంచి తెచ్చారో, ఎవరి మొలత్రాటి సంచిలోదో, ఏ అత్తగారు ఏ కోడలికి ఇచ్చారో ఇంట్లో పెద్దవారిని అడిగి అదీ రాయండి. హైదరాబాదు రూపాయి ఉంటే ఆ కుటుంబం నైజాం సీమతో లావాదేవీలు పెట్టుకొన్న కాలం తెలుస్తుంది. చివరి నాణెం నయాపైసా అయితే 1957కి ముందు ఆ సంచి మూతి ఆఖరిసారిగా బిగియలేదన్నమాట. అప్పుడు ఆ సంచి ఎవరి చేతిలో ఉన్నది, ఆ తరువాత ఎందుకు ఎవరూ ఏమీ వేయలేదు అని అడిగితే, ఎక్కడా రాసి లేని మీ ఇంటి చరిత్రలో ఒక పుట బయటికి వస్తుంది. ఆ పుట చెప్పగలవారు నేడు ఉన్నారు, ఎల్లకాలం ఉండరు.

రాయడం అయిన తరువాత ఆ కాగితం మడిచి సంచిలోనే పెట్టండి. దానితోపాటు ఈ సంవత్సరపు రూపాయి నాణెం ఒకటి మీ పిల్లలచేత వేయించి, ఆ సంగతి కూడా కాగితంమీద చేర్చండి. తిరిగి రానివాని కుండలో చివరి నాణెం ఎప్పుడో పడిపోయినది. మన సంచిలో చివరి నాణెం ఇంకా పడలేదు.